ఇంటర్ రిజల్ట్స్ భయం, తమ్ముడితో ఎట్లా మాట్లాడాలె?

మాది వరంగల్ దగ్గర పల్లెటూరు. మా పిన్ని కొడుకు సరిగ్గా తింటలేడు, నేను లేకుంటే మీకే మంచిది అన్నడంట, నేరుగా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టయితదేమోనని పిన్ని భయం. ఏం చేయాలె?

>> సూటిగానే అడగండి అన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు, మనసులోది చెప్పుకునే దారి దొరుకుతుంది. ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడతారు.

>> పత్తికి తెచ్చిన మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఇయ్యాలే తీపించి వేరే చోట తాళం వేపియ్యి. ఆ ఘడియ దాటితే చాలామంది బతుకుతరు.

>> చచ్చిపోవాలని ఏమన్న చేసుకున్నోళ్లను కూడా పోలీసు కేసు అయితదని కొందరు దవాఖానకే తీస్కపోరు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వచ్చినంక ఆ భయం అక్కర్లేదు. ఫెయిలైనా సప్లిమెంటరీ ఉంది కదా, ముందు పక్కింటి పిల్ల మార్కుల ముచ్చట బంద్ చేయమను మీ బాబాయిని.