షిర్డీ నుంచి ఒక్క పగలు: నాసిక్ ద్రాక్ష తోటల మధ్య చెరువులు చూడాలంటే?

సీతమ్మధార66
జనవరి చివరి వారంలో విశాఖ నుంచి సాయినగర్ షిర్డీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్నాం. దర్శనం అయ్యాక ఒక పగలు మిగులుతోంది. నిఫాడ్, దిండోరి వైపు శాటిలైట్ మ్యాపు తెరిస్తే ద్రాక్ష తోటల మధ్య వందల కొద్దీ నీలం గళ్ళు కనిపిస్తున్నాయి. అవన్నీ చెరువులేనా? వాటిలో చూడదగ్గవి ఏవి, పక్షులుంటాయా, ఎన్ని గంటలకు చేరుకోవాలి? విశాఖ వైపు కొండకర్ల ఆవ, మేఘాద్రి గెడ్డ జలాశయం మాకు బాగా తెలుసు, వాటితో పోల్చి చెప్తే త్వరగా అర్థమవుతుంది. అమ్మకు అరవై ఐదు దాటాయి, బాబుకి తొమ్మిది. కుదిరితే ఒక వైనరీ (వైన్ తయారుచేసే చోటు) కూడా చూడాలని ఉంది.

తోటపని
ముందు ఆ నీలం గళ్ళ సంగతి తేల్చేద్దామండీ. నాలుగు మూలలూ గీత గీసినట్టు ఉంటే అది చెరువు కాదు, పంట కుంట. అక్కడివాళ్ళు శేత్‌తళే అంటారు. వానాకాలంలో వాగు నీళ్ళో బావి నీళ్ళో తోడి నింపుకుని, ఏప్రిల్, మే నెలల్లో డ్రిప్పు ద్వారా తీగలకు ఇస్తారు. ఎండాకాలం కోసం నీళ్ళు దాచుకునే తొట్టి అనుకోండి. అడుగునా గట్ల లోపలి వైపునా మందపాటి ప్లాస్టిక్ షీటు పరుస్తారు, మామూలుగా 500 మైక్రాన్లది, అంటే అర మిల్లీమీటరు మందం. బురద లేదు, గడ్డి లేదు, నత్త లేదు. ఇక పక్షికి అక్కడ ఏం పని? మహా అయితే ఒక బుడుంగ పిట్ట, పైపు మీద కూర్చున్న లకుముకి పిట్ట.

చూడటానికి ఏమీ లేకపోగా అవి ప్రమాదం. గట్టు లోపలి వాలు చాలా నిటారుగా ఉంటుంది, ప్లాస్టిక్ మీద పాచి జారుతుంది. ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. చేతికి పట్టు దొరకదు, కాలు వేసిన కొద్దీ కిందికే జారుతుంది. లోతు నిండు మనిషికి రెండింతలు దాటవచ్చు. నీళ్ళు తగ్గిన కుంట ఇంకా చెడ్డది, ఎక్కాల్సిన జారుడు ఆ మేరకు పెరుగుతుంది. ఫోటో కోసం గట్టెక్కే అలవాటు ఉంటే బాబు చెయ్యి మాత్రం వదలకండి. ఎవరైనా పడితే వెనకాలే దిగకూడదు. తాడు గానీ, గట్టు మీద చుట్టి పడేసిన డ్రిప్పు పైపు గానీ, మూత బిగించిన ఖాళీ డబ్బా గానీ విసరాలి. విసిరేవాళ్ళు గట్టుకు నీళ్ళు లేని బయటి వైపు పడుకుని లాగాలి, నిలబడి లాగితే వాళ్ళూ జారతారు. 108 అక్కడా పనిచేస్తుంది.

మ్యాపులో మీరు వెతకాల్సింది వేరే ఆకారం. ఒక వైపు మాత్రమే తిన్నటి గట్టు, మిగతా అంచంతా చెట్టు వేళ్ళలా వంకరటింకరగా పాకి ఉంటే అది ఊట చెరువో (నీటిని నేలలోకి ఇంకించేది) చిన్న డ్యామో. పక్షులుండేది వాటిలోనే. పాత తేదీల చిత్రాలు కూడా తిప్పి చూడండి. చిన్న ఊట చెరువులు చాలావరకు వేసవికి ముందే ఇంకిపోతాయి. జనవరి చిత్రంలో నీళ్ళు, చుట్టూ గోధుమరంగు పట్టీ కనిపిస్తే, ఆ పట్టీయే బురద. కొంగలూ, ఉల్లంకులనే బురద పిట్టలూ మేసేది ఆ బురదలోనే.

కొండకర్ల_దుర్భిణి
పైన చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క పగలే ఉంటే చిన్నవాటి వెనక తిరగకుండా నేరుగా నాందూర్ మధ్యమేశ్వర్ వెళ్ళిపోండి. నిఫాడ్ తాలూకాలో గోదావరి, కాదవా నదులు కలిసే చోట ఇంగ్లీషువాళ్ళ కాలంలో కట్టిన ఆనకట్ట ఇది. వందేళ్ళ పూడిక పేరుకుని రిజర్వాయరు కాస్తా చిత్తడి నేలైపోయింది. పూడికను ఇంజినీర్లు నష్టం కింద రాసుకుంటారు, బాతులకు అదే అన్నం. రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి మహారాష్ట్ర నుంచి మొదట వెళ్ళింది ఇదే, 2019లో. మన రాజమండ్రిలో ఆవలి ఒడ్డు ఆనని గోదావరి ఇక్కడ చాలా చోట్ల మోకాలి లోతు రెల్లు మడుగు.

కొండకర్లతో తేడా ఏమిటంటే, అక్కడ తాటి దోనె ఎక్కి తామరాకుల మధ్యకు వెళ్తాం, పక్షి దగ్గరగా దొరుకుతుంది. ఇక్కడ దోనె షికారు ఊహించుకోకండి. ఒడ్డున నడక, మధ్యలో మంచెలు. కాబట్టి దుర్భిణి లేకుండా వెళ్తే దూరాన నల్ల చుక్కలే కనిపిస్తాయి. 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) చాలు. 10×42 అమ్మగారి చేతిలో వణుకుతుంది. స్కోపు (ఒంటి కంటితో చూసే దూరదర్శిని) ఎవరి దగ్గరైనా అరువు దొరికితే ట్రైపాడ్‌తో సహా తీసుకెళ్ళండి, దానికి 20 నుంచి 30 రెట్లు సరిపోతుంది. 60కి తిప్పితే తొమ్మిది దాటాక వేడి గాలి ఊగులాట తప్ప ఏమీ కనిపించదు.

అడగాల్సిన ఊరు చాపడ్‌గావ్. అభయారణ్యం గేటు, మంచెలు ఉన్నది అటే. దారిలో "పక్షీ అభయారణ్య కుఠే?" (ఎక్కడ?) అంటే చెప్తారు. టికెట్, వేళలు ముందురోజే అటవీ శాఖను ఫోన్లో అడగండి. గేటు దగ్గర స్థానిక గైడు దొరికితే వద్దనకండి, ఆ వారం ఏ మూల మేత పడుతోందో వాళ్ళకే తెలుసు.

జనవరిలో బొల్లికోళ్ళు, ఊదారంగు నీటికోళ్ళు, సూదితోక బాతులు, బ్రాహ్మినీ బాతులు, మన తేలినీలాపురం ఎర్రకాళ్ల కొంగలు ఉంటాయి. బాతుల గుంపంతా ఒక్కసారి లేచిందంటే పైన గద్ద తిరుగుతున్నట్టు, తల పైకెత్తి వెతకండి. రాజహంసల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, వాటి రాక నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది. ఆ మట్టం వానతో కాదు, కాలువతో మారుతుంది. గోదావరి కుడి, ఎడమ కాలువలు ఈ ఆనకట్ట నుంచే బయల్దేరతాయి. కాలువకు వంతు నీళ్ళు ఇవ్వడానికి పైన గంగాపూర్, దార్ణా డ్యాముల నుంచి వదిలితే ఇక్కడ మడుగు నిండి బురద మునిగిపోతుంది, ఉల్లంకులు వేరే చోటు చూసుకుంటాయి. వంతు ఆగి మట్టం దిగితే మళ్ళీ వస్తాయి. గైడును ఫోన్లో అడగాల్సిన మొదటి మాట "ఆవర్తన్ చాలూ ఆహే కా?" (కాలువ వంతు నడుస్తోందా?) అనే. ఆహే (ఉంది) అంటే బాతులు, నాహీ (లేదు) అంటే బురద పిట్టలు కూడా.

పొద్దున సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. ఎదురు వెలుగులో ప్రతి బాతూ నల్ల బాతే. గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుంటే గట్టి నేల అనుకుని బాబు కాలు పెట్టేస్తాడు, దాని కింద ఊబి.

సీతమ్మధార66
చాలా థాంక్సండీ. చలి ఎలా ఉంటుంది? మనకు జనవరిలో కూడా పల్చని స్వెట్టరే ఎక్కువ. వైనరీ సంగతి ఎవరూ చెప్పలేదు!

కొండకర్ల_దుర్భిణి
చలి మాత్రం అరకు చలే అనుకోండి. నిఫాడ్‌లో కొన్ని తెల్లవార్లు 5 డిగ్రీల కిందికి దిగుతుంది. చలికి ద్రాక్ష కాయలు పగులుతాయని తోటల్లో రైతులు మంటలు వేసే ఊరది. చెవులు కప్పే టోపీ అమ్మగారికి తప్పనిసరి. కారులో హీటరు వేసుకుంటే దుర్భిణిని డిక్కీలోనే ఉంచండి. బయటి చలి నుంచి తెచ్చి వెచ్చటి కారులో పెట్టిన ప్రతిసారీ అద్దాలకు చెమ్మ పడుతుంది.

షిర్డీలో ఐదుకల్లా బయల్దేరండి, దారి ఒకటిన్నర నుంచి రెండు గంటలు. పొగమంచు ఉంటే ఇంకో అరగంట. పదింటి దాకా చూస్తే చాలు, ఆ తర్వాత పక్షులు కునుకు తీస్తాయి. అమ్మగారిని మొదటి మంచె దగ్గరే కూర్చోబెట్టండి. మెట్లు ఎక్కకపోయినా కింద నుంచి చాలానే కనిపిస్తాయి.

తోటపని
వైనరీకి జనవరి చివర మంచి సమయం. నాసిక్‌లో వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా, గెలలు తీగ మీదే ఉంటాయి. పక్షులు చూశాక మధ్యాహ్నానికి గంగాపూర్ డ్యాము వైపు వెళ్ళండి. సులా, యార్క్ వైనరీలు రెండూ ఆ పక్కనే, డ్యాము దగ్గర ఎంటీడీసీ (మహారాష్ట్ర పర్యాటక సంస్థ) బోట్ క్లబ్ కూడా ఉంది, బాబుకి పడవ సరదా అక్కడ తీర్చుకోవచ్చు. అది నాసిక్ తాగే నీరు, మన మేఘాద్రి గెడ్డ లాగానే. ఈత, స్నానం ఆలోచన పెట్టుకోకండి.

కారు డ్రైవర్‌తోనే మాట్లాడుకోండి. రక్తంలో 100 మి.లీ.కి 30 మి.గ్రా. దాటితే కేసే, రుచి చూశాను అంతే అన్న మాట బ్రీత్ ఎనలైజర్‌కు వినపడదు.

తీగ మీది పండు కోసి బాబు నోట్లో పెట్టకండి. బూడిద తెగులు, బూజు తెగులు, పిండినల్లి అంటూ మందు కొడుతూనే ఉంటారు. ఏ మందు కొట్టి ఎన్ని రోజులైందో తోట యజమానికి తప్ప తెలీదు. ట్రాక్టరు బ్లోయరుతో తెల్లటి మబ్బు లేస్తుంటే కారు అద్దాలు ఎత్తేయండి, దాటాకే దించండి.

ఇది మీకు కాదు గానీ, అక్టోబరులో వెళ్ళేవాళ్ళకి. అప్పుడు కత్తిరింపులు అయ్యాక చిగురు త్వరగా రావడానికి కొమ్మలకు హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు. ఒంట్లోకి అది కాస్త చేరినా, ఆ తర్వాత కొన్ని రోజుల్లో మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. తడి కొమ్మను చేత్తో ముట్టుకుని, సాయంత్రం గ్లాసు పట్టుకుంటే ఆస్పత్రి ఖర్చే.

సీతమ్మధార66
అక్టోబరు మాట మా బావగారికి పంపించాను, దసరాకి వాళ్ళు అటే వెళ్తున్నారు. డ్రైవర్‌తో కారు మాట్లాడేశాం, ఐదింటికి బయల్దేరతానన్నాడు. స్కోపు ఎంవీపీ కాలనీ వైపు ఎవరి దగ్గరైనా ఉంటే నాలుగు రోజులకు అరువు ఇస్తారా? మెసేజ్ పెట్టండి.