జూన్ రాగానే గుప్తోష్ణ ప్రవాహం లెక్క ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: బంగాళాఖాతంలో 15 డిగ్రీల ఉత్తర, 90 డిగ్రీల తూర్పు వద్దనున్న రామా బోయాతో (గాలి, తేమ, నీటి ఉష్ణోగ్రత కొలిచే తేలియాడే పరికరం) నా ఉపగ్రహ గుప్తోష్ణ ప్రవాహ అంచనాలను (నీరు ఆవిరవుతూ సముద్రం నుంచి గాలిలోకి మోసుకెళ్లే వేడి) పోలుస్తున్నాను. గాలి వేగం స్కాటరోమీటర్ (సముద్రంపై రాడార్ తరంగాలు పంపి గాలిని అంచనా వేసే ఉపగ్రహ పరికరం) నుంచి, నీటి ఉష్ణోగ్రత మైక్రోవేవ్ రేడియోమీటర్ నుంచి తీసుకొని కోఆర్ సూత్రాలు (గాలి, తేమ, ఉష్ణోగ్రతల నుంచి ప్రవాహాన్ని లెక్కించేవి) వాడాను. శీతకాలంలో చక్కగా కలుస్తున్నాయి. రుతుపవనాలు మొదలయ్యాక తేడా పెరుగుతోంది. ఎక్కడ వెతకాలి?

జవాబు: ముందు తేమను చూడండి. నీటికి ఆనుకొని ఉన్న గాలిలోని తేమను ఉపగ్రహం నేరుగా కొలవలేదు. వాతావరణ స్తంభం మొత్తంలోని నీటి ఆవిరి నుంచి ఊహిస్తాం. రుతుపవనాల్లో పైపొరలూ తడిగా ఉంటాయి, ఆ సంబంధం చెదిరిపోతుంది. సెకనుకు 7 మీటర్ల గాలిలో, కిలో గాలికి ఒక్క గ్రాము తేమ పొరపాటు అంటే ప్రవాహంలో చదరపు మీటరుకు దాదాపు 24 వాట్ల తేడా! మన సముద్రం విషయంలో ఇది చిన్న అంకె కాదండీ.

మరో జవాబు: వాన పడిన గంటలు తీసేశారా? కేయూ బ్యాండ్ (పొట్టి రాడార్ తరంగాలు వాడే) స్కాటరోమీటర్ సంకేతాన్ని వాన చెడగొడుతుంది. పైగా అది ఇచ్చేది 10 మీటర్ల ఎత్తుకు తటస్థ గాలి (గాలి పొరల స్థిరత్వ ప్రభావం లేదనుకొని లెక్కించిన వేగం); బోయా కొలిచేది 4 మీటర్ల వద్ద. ఎత్తు సవరించకుండా పోల్చకండి.

ప్రశ్న అడిగినవారు: ఎత్తు సవరించాను, వాన గంటలు తీయలేదు. ఈ రాత్రే తీసేసి, బోయా తేమనే పెట్టి మళ్లీ లెక్కిస్తాను. అప్పుడు తేడా తగ్గితే దోషం తేమదేనని తేలుతుంది కదా?

జవాబు: అవునండీ, అదే సరైన పరీక్ష. కానీ రెండు మార్పులూ ఒకేసారి చేయకండి.