మిర్చి మంట కాయలున్నదా, నాలుక మీదున్నదా, మనసులున్నదా? మనసు ముచ్చట లేకుంటనే మంటను వివరించొచ్చని హన్మకొండ ల్యాబ్ వాదన, కాదని ఎనుమాముల వాదన, నడుమ నడుమ మానేరు.

ఎనుమాముల: మిర్చి రకాలల్ల చపాటకు రంగెక్కువ, మంట తక్కువ. తేజకు మంటెక్కువ. ఎంత ఎక్కువంటే అందరూ మంటను కొలిచే స్కోవిల్ నంబరే చెప్తరు. అది 1912ల పుట్టిన లెక్క. కాయ సారాన్ని చక్కెర నీళ్లల్ల పల్చగ చేసుకుంట పోవుడు, రుచి చూసేటోళ్లు మంట లేదన్నకాడ ఆపుడు. మనసు చెప్పిందే కొలత. మరి మనసును ఇడిచిపెట్టిన సిద్ధాంతం మంటను ఎట్ల వివరిస్తది?

హన్మకొండ ల్యాబ్: అన్నా, ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ, అంటే సారంల ఏ పదార్థం ఎంతున్నదో ఏరి కొలిచే మిషన్. ఎండు కారం ఆల్కహాల్‌ల నానబెట్టి, వడబోసి మిషన్ల ఎక్కిస్తే మంట పుట్టించే కాప్సైసిన్ కిలోకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తది. దాన్ని 16తో గుణిస్తే స్కోవిల్. ఇండ్ల నాలుకెక్కడిది?

ఎనుమాముల: ఆ 16 ఎక్కడిది తమ్మీ? నాలుకల కాడికెల్లి వచ్చిందే.

మానేరు: 15 కదా?

హన్మకొండ ల్యాబ్: 15 కూడ వాడ్తరు, గది పక్కకు పెట్టు. 1997ల శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం టీఆర్‌పీవీ1 పట్టుకున్నది. నరం కొసకుండే తలుపు అది. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటది, కాప్సైసిన్‌కూ తెరుచుకుంటది. గందుకే నోట్ల వేడి పెరగకున్నా కాలినట్టే ఉంటది. కోళ్లల్ల అదే తలుపు వేడికి తెరుచుకుంటది గాని కాప్సైసిన్‌ను లెక్కచెయ్యది. కోడి మిర్చి గింజలు నిమ్మళంగ తింటది. మనసు ముచ్చట లేకుంటనే చెప్పగలిగినం. మంచి సిద్ధాంతమంటే గిది.

ఎనుమాముల: కోడిని వదిలెయ్. 1978ల పన్ను పీకించుకున్నోళ్లకు ఉత్త మందు (అండ్ల అసలు మందే లేదు) ఇస్తే కొందరికి నొప్పి తగ్గింది. వాళ్లకే నాలోక్సోన్ (ఒంట్లె నొప్పి తగ్గించే రసాయనాలను అడ్డుకునే మందు) ఎక్కిస్తే మళ్ల పెరిగింది. నమ్మకమే నొప్పిని తగ్గించింది.

హన్మకొండ ల్యాబ్: నాలోక్సోన్‌కు లొంగిందంటే ఆ నమ్మకం ఒంట్లె నొప్పి తగ్గించే రసాయనాలైన ఎండార్ఫిన్లతోనే పనిచేసిందన్నట్టు. నా మాటే గెలిచింది.

ఎనుమాముల: పెరిగిందని ఎట్ల తెలిసింది? రోగి చెప్తేనే కదా!

హన్మకొండ ల్యాబ్: ఎవలేమంటే అది కొలతైతదా? ఒకడు పదికి ఎనిమిదంటడు, ఇంకోడు మూడంటడు.

మానేరు: పదికా, వందకా?

ఎనుమాముల: గిదే నీ అసలు లొల్లి. తలుపు గురించి కాదు, మనిషి మాట నీకు సాక్ష్యం కాదు. మిషన్ల సున్నా వచ్చి, తిన్నోడు మంటంటే ఏం చేస్తవ్?

హన్మకొండ ల్యాబ్: మిరియం కలిసిందేమో చూస్త. అండ్ల పైపెరిన్ ఉంటది, అదీ ఆ తలుపునే తెరుస్తది. మిషన్‌ను కాప్సైసిన్‌కే పెట్టినం కాబట్టి దొరకలే.

ఎనుమాముల: మరి మిరియం చూడుమని నీకు చెప్పిందెవరు, మిషనా?