ఓపీజీ చూసి పిల్లవాడికి పద్నాలుగేళ్ళు నిండాయో లేదో చెప్పవచ్చా?

ప్రశ్న (బాలల సంరక్షణ కార్యకర్త, తెలంగాణ)

నమస్కారమండీ. ఇటుక బట్టీల నుంచి బయటికి తీసుకొచ్చిన పిల్లలను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరిచే పనిలో ఉన్నాను. వీరిలో చాలామంది ఒడిశాలోని బలాంగీర్ వైపు నుంచి తల్లిదండ్రులతో పాటు వచ్చినవారు. వారికి బడి రికార్డు గానీ జనన ధ్రువపత్రం గానీ ఉండదు. తల్లిని అడిగితే, పెద్దపిల్ల పెళ్ళికి ముందనో, వానలు పడని ఏడాదనో గుర్తులు చెబుతుంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడమే నేరం, ఆపైన పద్దెనిమిది లోపు వారికి ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే నిషేధం. కాబట్టి ప్రతి యజమానీ పిల్లవాడికి పద్నాలుగు దాటాయనే వాదిస్తాడు.

ఈ మధ్య ఒక అబ్బాయికి ఓపీజీ (రెండు దవడలనూ, పళ్ళన్నిటినీ ఒకే చిత్రంలో చూపే ఎక్స్‌రే) తీయిస్తే నివేదికలో 'వయసు 14.6 సంవత్సరాలు' అని ఒకే అంకె వచ్చింది. చూడడానికి అతను పన్నెండేళ్ళవాడిలా ఉన్నాడు. సరైన తిండి లేక ఎదగకపోయి ఉండవచ్చు కనుక నా కంటిని నేను నమ్మలేను. మరి ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (దంతవైద్యుడు, నోటి రేడియాలజీ విభాగం)

వయసు దశాంశంతో వచ్చినంత మాత్రాన అది కచ్చితమైనది కాదండీ. ఎక్స్‌రేలో మేము చూసేది వయసును కాదు, ప్రతి పన్ను ఎంతవరకు తయారైందన్న దశను. ఆ దశలను వయసుగా మార్చేది ఒక పట్టిక, ఆ పట్టిక ఏ పిల్లలను చూసి తయారుచేశారన్నదే మీ ప్రశ్నలో అసలు విషయం.

ఎక్కువగా వాడే పద్ధతిని డెమిర్జియన్, ఆయన సహచరులు 1973లో ప్రచురించారు. కింది దవడలో ఎడమవైపున్న ఏడు శాశ్వత దంతాలను మాత్రమే ఇందులో తీసుకుంటారు. పైదవడ పళ్ళ మీద ఇతర ఎముకల నీడలు పడి పంటి వేర్ల కొసలు స్పష్టంగా కనబడవు, కుడి ఎడమల మధ్య తేడా సాధారణంగా చాలా తక్కువ. ఒక్కో పంటికి 'ఏ' నుంచి 'హెచ్' వరకు ఎనిమిది దశలు ఉంటాయి. 'డీ' దశకు పంటి పైభాగం పూర్తవుతుంది, 'ఎఫ్' దశలో వేరు పొడవు పైభాగంతో సమానమైనా కొస గరాటులా తెరుచుకొని ఉంటుంది, 'జీ'లో వేరు గోడలు సమాంతరమవుతాయి గానీ కొస ఇంకా మూసుకోదు, 'హెచ్'లో పూర్తిగా మూసుకుంటుంది. ఒక్కో దశకు ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరుగా ఇచ్చిన మార్కులను కూడితే నూటికి ఒక మొత్తం వస్తుంది, దానిని పట్టికలో చూసి వయసు రాస్తారు.

ఆ పట్టికకు ఆధారం 2,928 మంది ఫ్రెంచ్ కెనడియన్ పిల్లలు. మన పిల్లలకు దానిని ఉన్నదున్నట్టు వర్తింపజేస్తే వయసు తరచుగా ఎక్కువగా వస్తుంది. దక్షిణ భారత పిల్లలపై 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ ఎక్కువ దాదాపు మూడేళ్ళ దాకా ఉంది, మరికొన్ని భారతీయ అధ్యయనాల్లో చాలా స్వల్పంగానే ఉంది. ఫలితాలు ఇంతగా మారుతున్నప్పుడు ఏ పట్టిక వాడారో చెప్పని నివేదికను నేనైతే అసంపూర్ణమనే అంటాను. పైగా ఈ పొరపాటు ఎటు మొగ్గుతుందో గమనించండి. పన్నెండేళ్ళ పిల్లవాడిని పద్నాలుగు దాటినవాడిగా చూపిస్తే, చట్టం ఇచ్చిన రక్షణను ఎక్స్‌రే పేరు మీద మనమే తీసేసినట్టవుతుంది. 2001లో బెల్జియం పిల్లల కోసం విల్లెమ్స్ బృందం ఇదే పద్ధతిని సవరించింది, 2011లో ఆచార్య అనే పరిశోధకుడు భారతీయుల కోసం జ్ఞానదంతాన్ని కూడా కలిపి ఎనిమిది పళ్ళతో సూత్రాలు ప్రచురించారు. ఇవి అందుబాటులో ఉండగా 1973 నాటి అంకెతోనే ఆగిపోవలసిన అవసరం లేదు.

అయినా మీ అబ్బాయి విషయంలో పళ్ళు చెప్పగలిగింది తక్కువేమీ కాదు. పదేళ్ళు దాటేసరికి ముందుపళ్ళు, మొదటి దవడపన్ను దాదాపుగా పూర్తయిపోతాయి కాబట్టి, పన్నెండు పద్నాలుగుల మధ్య సాక్ష్యమంతా కోరపన్ను, రెండు అగ్రచర్వణకాలు (కోరపన్నుకూ దవడపళ్ళకూ మధ్య ఉండే పళ్ళు), రెండో దవడపన్ను వేర్లలోనే ఉంటుంది. నాలుగు పళ్ళు ఇంకా పెరుగుతూ కనిపించే వయసు ఇది. రెండో దవడపన్ను వేరు సాధారణంగా 14 నుంచి 16 ఏళ్ళ మధ్య పూర్తవుతుంది. ఏడూ 'హెచ్' దశకు చేరాక మాత్రం ఈ పద్ధతి ఒక కనీస వయసును సూచించడం తప్ప మరేమీ చెప్పలేదు. అప్పుడు మిగిలేది జ్ఞానదంతం ఒక్కటే. అది కొందరికి అసలు ఉండదు, ఉన్నవారిలోనూ చాలా తేడాగా పెరుగుతుంది. పద్దెనిమిది దగ్గర చెప్పడం కంటే పద్నాలుగు దగ్గర చెప్పడం సులభమని మేము అనేది ఇందుకే.

జవాబు 2 (పిల్లల వైద్యురాలు)

డాక్టర్ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఎముకల పెరుగుదలను బట్టి వయసు అంచనా వేయడానికి తీసే మణికట్టు ఎక్స్‌రేను పోల్చడానికి వాడే గ్రూలిక్, పైల్ చిత్రపటం అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బాగా తిని పెరిగిన పిల్లలది. దీర్ఘకాలం తిండి చాలని పిల్లల్లో ఎముకల పెరుగుదల వెనకబడుతుంది గనుక ఎముకలు అసలు వయసు కంటే తక్కువ చూపవచ్చు. పోషకాహార లోపం, హార్మోన్ల తేడాలు పళ్ళ తయారీపై చూపే ప్రభావం అంతకంటే తక్కువ. కాబట్టి ఒకే పిల్లవాడిలో మణికట్టు పన్నెండు అని, పరాయి పట్టికతో చదివిన పళ్ళు పద్నాలుగున్నర అని చెప్పే అవకాశం ఉంది. అటువంటప్పుడు రెండింటి సగటు తీసి పదమూడు చిల్లర అని రాయడం శాస్త్రం కాదు, తేడా ఎందుకు వచ్చిందో రాయాలి.

నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టి వయసు చెప్పడం ఇంకా బలహీనమైన పద్ధతి. పాలపన్ను పుచ్చి ముందే ఊడిపోతే దాని కింది పన్ను బయటికి వచ్చే సమయం మారిపోతుంది. దవడ లోపల వేరు తయారయ్యే క్రమం అంతగా చెదరదు. ఇంగ్లండులో 1833 ఫ్యాక్టరీ చట్టం వచ్చినప్పుడు పిల్లల వయసుకు రుజువు లేకపోతే, ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు 1837లో ఎత్తు కంటే పళ్ళే మంచి కొలమానమని పార్లమెంటుకు నివేదించారు. ఎక్స్‌రే ఇంకా లేని కాలం కనుక వారికి పళ్ళు రావడమే ఆధారం. మన చేతిలో అంతకంటే మంచి సాధనం ఉంది, కాబట్టి దానిని సరిగ్గా వాడాలి.

జవాబు 3 (న్యాయవాది)

చట్టంలో వైద్య పరీక్షది చివరి స్థానం. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి లేదా పదో తరగతి ధ్రువపత్రం, అది లేకపోతే పురపాలక సంఘం లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూడాలి. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష లేదా ఇతర ఆధునిక వైద్య పరీక్ష, అదీ ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లోగా పూర్తి కావాలి. కాబట్టి పిల్లవాడి సొంత ఊరి అంగన్‌వాడీలో, బడిలో విచారించకుండా నేరుగా ఎక్స్‌రేకు వెళ్ళకండి. ఇక ఎక్స్‌రేతో నిర్ధారించిన వయసులో ఇటో అటో రెండేళ్ళ తేడా ఉండవచ్చని సుప్రీంకోర్టు 1982లోనే జయమాల కేసులో గుర్తించింది. 14.6 అన్న ఒంటి అంకెను యజమాని తరఫువారు చూపిస్తే మీ తరఫున ముందు చెప్పవలసినది అదే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండీ. అయితే ఆ అబ్బాయికి మళ్ళీ ఓపీజీ తీయించాలా? మొదటిసారే ఆ యంత్రంలో కదలకుండా నిలబడడానికి చాలా భయపడ్డాడు.

జవాబు 1 ఇచ్చినవారు

అవసరం లేదండీ. ఓపీజీలో రేడియేషన్ తక్కువే అయినా, ఉన్న చిత్రం స్పష్టంగా ఉంటే రెండోసారి తీయడానికి కారణం లేదు. అదే చిత్రాన్ని, మొదటి నివేదిక చూపించకుండా, మరొక నిపుణుడి చేత చదివించమని సమితి ద్వారా ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు లేఖ రాయించండి. ఏడు పళ్ళలో ఒక్కొక్కటి ఏ దశలో ఉందో, ఏ పద్ధతి, ఏ జనాభా పట్టిక వాడారో, వయసు ఏ కనిష్ఠం నుంచి ఏ గరిష్ఠం వరకు ఉండవచ్చో రాయమని ఆ లేఖలోనే అడగండి. పద్నాలుగు లోపు ఉండే అవకాశాన్ని చిత్రం తోసిపుచ్చుతుందా లేదా అన్నది విడిగా ఒక వాక్యంలో చెప్పమనండి. సమితికి కావలసిన జవాబు ఆ వాక్యమే.