మూడో తరగతి పిల్లాడు భోజనం లైన్లో తోస్తున్నాడు: ఏం రాయించాలి?

ప్రశ్న (కావలి మండలం, ఎంపీపీ స్కూల్): మూడో తరగతి పిల్లాడొకడు మధ్యాహ్న భోజనం లైన్లో రోజూ ముందువాళ్లను తోస్తున్నాడు. ఎందుకు చేశావో రాయమంటే "ఇంకెప్పుడూ చేయను సార్" అని రాసిస్తాడు. మర్నాడు మళ్లీ అదే. ఏం మార్చాలి?

జవాబు (ఒంగోలు): "ఎందుకు" అనడం మానేయండి సార్. ఆ వయసుకి అది తిట్టులా వినిపిస్తుంది, క్షమాపణే వస్తుంది. నాలుగు ప్రశ్నలు చాలు: ఏం జరిగింది, నీకేమనిపించింది, ఎవరికి ఇబ్బందైంది, రేపు అదే చోట ఏం చేస్తావు. అన్నం తిని, కోపం చల్లారాక, పక్కన కూర్చోబెట్టి అడగండి. రాయలేకపోతే బొమ్మ వేయమనండి. నాలుగో జవాబు చేసి చూపించగలిగేదై ఉండాలి. "బుద్ధిగా ఉంటా" చాలదు, "రెండు చేతులతో ప్లేటు పట్టుకుంటా" అనాలి. మర్నాడు భోజనం బెల్లుకు ముందు దాన్ని ఒకసారి చేయించండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే.

ఇంకో జవాబు: పొద్దున తినకుండా వస్తున్నాడేమో, గుడ్డు అయిపోతుందని భయమేమో కనుక్కోండి. అదే కారణమైతే కాగితం ఎంత రాయించినా పనిచేయదు. లైన్లో వాడి చోటు మార్చండి.

ఇంకో జవాబు: ఆ కాగితం గోడకు అంటించొద్దు, తరగతిలో చదివించొద్దు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది.