అప్‌డేట్: స్కీ ఇన్‌స్ట్రక్టర్ లెవెల్ 1 పాసయ్యాను

కెనడాలో సీఎస్‌ఐఏ (అక్కడి స్కీ ఇన్‌స్ట్రక్టర్ల సంఘం) లెవెల్ 1 పరీక్షకు బ్లాక్ రన్‌ల (కష్టమైన వాలుల) మీద ప్రాక్టీస్ చేయాలా, గ్రీన్ రన్‌ల (తేలికైన వాలుల) మీదే ఉండాలా అని నెల క్రితం అడిగాను. "గ్రీన్‌కే వెళ్లి స్నోప్లౌ సరిచేసుకో" అన్నవాళ్లందరికీ దండాలు. స్నోప్లౌ అంటే స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా త్రికోణంలా పెట్టి నెమ్మదిగా దిగడం.

అసలు కష్టం అక్కడే ఉంది. వేగంగా దిగడం నాకు వచ్చు. ఎవరైనా చూసి నేర్చుకునేలా, నెమ్మదిగా, ఒకే వేగంతో మలుపు తిప్పడం రాదు. కాళ్లకంటే ముందు నా భుజాలు తిరిగిపోయేవి. పోల్స్ (చేతికర్రలు) రెండూ ఒంటికి ముందు అడ్డంగా పట్టుకుని, అవి వాలు కిందివైపుకే తిరిగి ఉన్నాయా అని గమనిస్తూ నాలుగు వారాంతాలు అదే పని చేశాను. వీడియో తీసుకుంటే తప్ప తేడా తెలియలేదు, మీరూ తప్పకుండా తీసుకోండి.

టీచింగ్ భాగం ఇంకా టెన్షన్. మొదటి ప్రాక్టీస్ పాఠంలో నేను మాట్లాడుతూనే ఉన్నాను, గ్రూపు చలిలో నిలబడే ఉంది. పరీక్షలో మాత్రం ఒక్క విషయమే తీసుకున్నాను: స్కీల వెనక కొసలు బయటికి తోయడం. చేసి చూపించి, వెంటనే వాళ్లతో చేయించాను.

వచ్చే శనివారం నుంచి పిల్లల క్లాసులో సాయం చేస్తున్నాను. వాళ్లకు స్నోప్లౌ అంటే "పిజ్జా"!