కొండ ఎక్కేటప్పుడు వెనకబడే మిత్రుణ్ణి కలుపుకొని వెళ్లడం ఎలా?

మేము ఐదుగురు మిత్రులం నెలకొకసారి ఏదో ఒక కొండ ఎక్కుతుంటాము. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ప్రకారం, అంటే 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట చొప్పున సమయం వేసుకుని బయలుదేరినా, మాలో ఒకతను ప్రతిసారీ వెనకబడుతున్నాడు. మేము నీళ్లు తాగి, చెమట ఆరాక లేచేసరికి అతను అప్పుడే రొప్పుతూ వచ్చి చేరతాడు. అతనికి మాత్రం విశ్రాంతి దొరకదు (ఇది మా తప్పేనని ఒప్పుకుంటున్నాను). క్రిందటిసారి సగం దిగేసరికే చీకటి పడి, ఒక్క టార్చిలైటు వెలుగులో రాళ్లు తడుముకుంటూ రావలసి వచ్చింది. ముందు నడవమంటే మొహమాటపడుతున్నాడు. అతని మనసు నొప్పించకుండా నడక వేగాన్ని, వెనుదిరగవలసిన సమయాన్ని ఎలా నిర్ణయించుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.